ఇల్లు అమ్మేసి ఆర్వీలో (ఇల్లులా ఉండే బండి) తిరుగుదాం అనుకుంటున్నాం, దేశమంతా పనిచేసే హెల్త్ ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం అండి. మేము ఉండేది డాలస్ పక్కన అర్వింగ్, సొంతూరు రాజోలు దగ్గర. నాకు 57, మా ఆవిడకి 54, ఇద్దరం సిటిజన్లమే. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో పడ్డారు, వాళ్ల ఇన్సూరెన్సులు వాళ్లకున్నాయి. మా కంపెనీలో పాతవాళ్లకి ప్యాకేజీ ఇచ్చి సాగనంపుతున్నారు, నేనూ సంతకం పెట్టేశా, జూన్ నెలాఖరుతో సరి. ఇల్లు అమ్మకానికి పెట్టాం, ఫిఫ్త్ వీల్ రకం ఆర్వీ ఒకటి చూసుకున్నాం, దాన్ని లాగడానికి ట్రక్కు కూడా బేరం అయిపోయింది. చలికాలం అరిజోనా, ఫ్లోరిడా, ఎండాకాలం మోంటానా, మెయిన్ స్టేట్ల వైపు, ఇలా ఓపిక ఉన్నన్నాళ్లు తిరగాలని మా ఆవిడ కోరిక, నాకూ ఇష్టమే.

అంతా బానే ఉంది గానీ హెల్త్ ఇన్సూరెన్స్ దగ్గరకొచ్చి ఆగిపోయాం. నాకు ఒక స్టెంట్ ఉంది, బీపీ మాత్రలు వాడతా, ఆవిడకి షుగరు, థైరాయిడ్. హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో (గవర్నమెంటు మార్కెట్‌ప్లేస్ సైటు) మా జిప్ కోడ్ కొట్టి చూస్తే వచ్చినవన్నీ హెచ్ఎంఓలు, ఈపీఓలే, అంటే వాళ్ల లిస్టులో (నెట్‌వర్క్) ఉన్న డాక్టర్లకే డబ్బులిచ్చేవి, డాలస్ చుట్టుపక్కల డాక్టర్లు తప్ప లిస్టులో ఎవరూ లేరు. మరి మోంటానాలో జ్వరం వస్తే ఏం చెయ్యాలి? ఏదో సైటులో ఫోన్ నంబర్ ఇచ్చిన పాపానికి పొద్దున్నుంచి రాత్రి దాకా కాల్స్, అందులో ఒకాయన "సర్ ఇది నేషన్‌వైడ్ పీపీఓ, ఏ స్టేట్ అయినా ఏ డాక్టర్ అయినా చూస్తాడు, ఇద్దరికీ కలిపి నెలకి 480 డాలర్లు, ఇవాళ తీసుకుంటే జాయినింగ్ ఫీజు ఉండదు" అంటాడు. పీపీఓ అంటే లిస్టు బయటి డాక్టర్లకి కూడా కొంత ఇచ్చే ప్లాన్ కదా, ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నాడో నాకైతే అర్థం కావట్లేదు. ఇంకో ఫ్రెండు హెల్త్ షేరింగ్ అని ఏదో చెప్పాడు, అది ఇన్సూరెన్స్ కాదంట, అయినా డబ్బులిస్తారంట.

ఇంకో మాట కూడా, మా అత్తగారు కాకినాడ నుంచి మేలో వస్తున్నారు, నాలుగైదు నెలలుంటారు, ఆవిడకి 72, ఆవిడని కూడా బండిలో తిప్పాలని ప్లాన్. ఆర్వీలో ఉంటున్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే ఏ కంపెనీ తీసుకున్నారో చెప్తారా ప్లీజ్.


పాలమూరు_పయనం:

అన్నా ముందుగాల కంగ్రాట్స్, మంచి పని చేస్తున్నరు. మేం కూడ ఫుల్ టైమ్ బండిలనే ఉంటున్నం కాబట్టి నాకు తెలిసింది చెప్తా, జర పెద్దగనే ఉంటది.

ఏ కంపెనీ మంచిది అని అడిగితే దీనికి జవాబు దొర్కది. ఏ స్టేట్‌ల అడ్రస్ పెట్టుకోవాలె అన్నది ముందు తేల్చుకోవాలె, కంపెనీ దాని వెనక వస్తది. ఎందుకంటే 65 లోపోళ్లు, అంటే పెద్దోళ్లకు గవర్నమెంటు ఇచ్చే మెడికేర్ ఇంక రానోళ్లు, సొంతంగ కొనుక్కునే ఇన్సూరెన్స్ మొత్తం కౌంటీ మీదనే నడుస్తది, నీ జిప్ కోడ్‌ల ఏం అమ్ముతరో గదే నీకు దొర్కుతది, పక్క కౌంటీల బంగారం లాంటి ప్లాన్ ఉన్నా నీకు ఇయ్యరు. ఇగ ఇల్లు అమ్మినంక నీకు కావాల్సిన స్టేట్ నువ్వే ఎంచుకోవచ్చు, ఇండ్లల్ల ఉండేటోళ్లకు లేని సౌలత్ ఇది.

ఆర్వీ వాళ్లు ఎక్కువ పోయేటివి మూడే, టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా. మూడిట్ల స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, మూడిట్ల ఉత్తరాలు అందుకొని మనం యాడ ఉంటే ఆడికి పంపే మెయిల్ సర్వీసులున్నయి. టెక్సస్‌ల లివింగ్‌స్టన్ దగ్గర ఎస్కేపీస్ క్లబ్బు, ఫ్లోరిడాల గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్‌ల సెయింట్ బ్రెండన్స్ ఐల్, సౌత్ డకోటాల ర్యాపిడ్ సిటీ పక్కన బాక్స్ ఎల్డర్‌ల అమెరికాస్ మెయిల్‌బాక్స్, గిట్ల. సౌత్ డకోటాల అయితే ఒక్క రాత్రి హోటల్‌ల గాని క్యాంప్‌గ్రౌండ్‌ల గాని పండుకున్న రసీదు చూపిస్తే డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తరు, అందుకే అందరు ఆడికి ఉరుకుతరు. కానీ ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి కథ ఉల్టా అయితది. ఆడ మార్కెట్‌ప్లేస్‌ల ఎక్కువ ఉండేది అవేరా, సాన్‌ఫర్డ్ లాంటి అక్కడి హాస్పిటల్ గ్రూపుల ప్లాన్లు, వాటి నెట్‌వర్క్ ఆ చుట్టుపట్లనే. 65 దాటినోళ్లకు సౌత్ డకోటా మంచిదే, మనకు కాదు. టెక్సస్ సంగతి నువ్వే చూసినవ్, బ్లూ క్రాస్ ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు సొంతంగ కొనుక్కునేటోళ్లకు పీపీఓ ఇచ్చుడు 2016 నుంచే బంద్ పెట్టిన్రు, అప్పటి సంది ఎక్కువ హెచ్ఎంఓలు, ఈపీఓలే.

మిగిలింది ఫ్లోరిడా. ఆర్వీ జనంల ఫ్లోరిడా బ్లూ (ఆడి బ్లూ క్రాస్ కంపెనీ) పేరు ఎక్కువ వినవడ్తది, దానికి కారణం బ్లూకార్డ్. అంటే ఒక స్టేట్ బ్లూ వాళ్ల మెంబర్ ఇంకో స్టేట్‌ల ఆడి బ్లూ నెట్‌వర్క్ డాక్టర్ దగ్గరికి పోతే ఇన్-నెట్‌వర్క్ కింద చూసుడు. కానీ పైలం, ఫ్లోరిడా బ్లూ అన్ని ప్లాన్లకు ఇది ఉండది. మైబ్లూ అని ఉంటది అది హెచ్ఎంఓ, స్టేట్ దాటితే ఎమర్జెన్సీ తప్ప ఇంకేం లేదు. బ్లూఆప్షన్స్ లాంటి వాటిల్ల చూడాలె, అది కూడ ఏ కౌంటీల ఏది అమ్ముతున్నరో ఏటేట మారుతది, పోయిన సాలు ఉన్నది ఈ సాలు ఉంటదని లేదు. ఒక సుళువు చెప్తా, బ్లూ కార్డు మీద కింద మూలకు సూట్‌కేస్ బొమ్మ ఉంటది, దాని లోపల పీపీఓ అని అక్షరాలుంటే దేశం మొత్తం పీపీఓ నెట్‌వర్క్ వాడుకోవచ్చన్నట్టు, ఖాళీ సూట్‌కేస్ ఉంటే బయటి స్టేట్‌ల కవరేజీ వేరే తీరు, అడగకుండ పోవద్దు.

అడ్రస్ మాత్రం ఉత్తగ ఇన్సూరెన్స్ కోసం పెట్టుకుంటే నడవది. లైసెన్స్, బండ్ల రిజిస్ట్రేషన్, ఓటు, బ్యాంకు, ట్యాక్స్ ఫైలింగ్ అన్ని ఆడికే మార్చాలె. ఫ్లోరిడాల డిక్లరేషన్ ఆఫ్ డొమిసైల్ అని కౌంటీ క్లర్క్ దగ్గర ఒక కాగితం ఉంటది, అది కూడ రాసి ఇయ్యి. రేపు పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు వాళ్లు వెతికేది ఇవే.


తిరుపతి_లడ్డు_ఆస్టిన్:

ఇంత తలనొప్పి ఎందుకన్నా, ఆ ఫిఫ్త్ వీల్ డబ్బులతో తిరుపతిలో ఫ్లాట్ కొనుక్కోని ఏటా రెండు నెలలు ఇక్కడికొచ్చి కారు అద్దెకి తీసుకోని తిరగండి 😀 డాక్టరు ఫీజు ఇక్కడి పార్కింగ్ అంత కూడా ఉండదు


గోదారిగట్టు:

@తిరుపతి_లడ్డు_ఆస్టిన్ మా ఆవిడకి మీ కామెంట్ చూపించా, మీ అడ్రస్ అడుగుతోంది 😄

@పాలమూరు_పయనం గారూ చాలా థ్యాంక్స్ అండి, అసలు స్టేట్ నుంచి మొదలెట్టాలని నాకు తట్టనే లేదు. ఆ 480 డాలర్ల పీపీఓ సంగతి ఎవరైనా చెప్తారా, మళ్లీ ఫోన్ చేశాడు ఇప్పుడే, రేపటి దాకా టైమ్ ఇచ్చాడు.


బిల్లింగ్_డెస్క్_అక్క:

తీసుకోకండి. మొదట ఆ మాట చెప్పేసి తర్వాత ఎందుకో చెప్తాను. నేను హాస్పిటల్ బిల్లింగ్‌లోనే పనిచేస్తాను, ఇలాంటి కార్డులు పట్టుకుని వచ్చిన పేషెంట్లతో మాట్లాడాల్సి రావడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

ఆ రేటుకి మీ వయసు వాళ్లకి, అందులో స్టెంటూ షుగరూ ఉన్నవాళ్లకి అసలైన ఇన్సూరెన్స్ రాదండి. ఏసీఏ ప్లాన్లు, అంటే ఒబామాకేర్ చట్టం కింద మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవి, పాత జబ్బులు చూసి రేటు పెంచకూడదు, కాదనకూడదు, కానీ వయసుకి పెంచొచ్చు, 64 ఏళ్ల వాళ్లకి 21 ఏళ్ల వాళ్ల కన్నా మూడు రెట్ల దాకా వెయ్యొచ్చు. సబ్సిడీ (ప్రీమియంలో గవర్నమెంటు సాయం) లేకుండా మీ ఇద్దరికీ ఓ మోస్తరు ప్లాన్ నెలకి రెండు వేల డాలర్లు దాటినా ఆశ్చర్యం లేదు. మరి అతను 480కి ఎలా ఇస్తున్నాడంటే అది సాధారణంగా ఫిక్స్‌డ్ ఇండెమ్నిటీ అయ్యుంటుంది, అంటే హాస్పిటల్లో ఉంటే రోజుకి ఇంత, డాక్టర్ దగ్గరికి వెళ్తే విజిట్‌కి ఇంత అని ఒక లెక్క రాసిపెట్టి ఆ డబ్బే ఇస్తారు, బిల్లు ఎంతైనా సరే. రోజుకి వెయ్యి ఇస్తామన్నారనుకోండి, గుండె ప్రొసీజర్ బిల్లు ముందు అది ఏ మూలకి? లేదా షార్ట్ టర్మ్ ప్లాన్ అయ్యుంటుంది, అందులో పాత జబ్బులకి పైసా ఇవ్వరు, అప్లికేషన్‌లో మీరు రాయని ఏ చిన్న విషయం పట్టుకునైనా క్లెయిమ్ కొట్టేస్తారు. "పీపీఓ" అని అతను చెప్పేది అబద్ధం కూడా కాకపోవచ్చు, ఏదో ఒక పీపీఓ నెట్‌వర్క్ డిస్కౌంట్ అద్దెకి తెచ్చి ఆ లోగో కార్డు మీద వేస్తారు. నెట్‌వర్క్ ఉండటం వేరు, కవరేజీ ఉండటం వేరు.

అతన్ని ఒకే ఒక్కటి అడగండి, "ఎస్‌బీసీ పంపించు" అని. సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్ అండ్ కవరేజ్, అసలైన హెల్త్ ప్లాన్ ప్రతిదానికీ ఒకే మూసలో ఉంటుంది ఆ కాగితం. అది పంపకుండా బ్రోషర్ పంపితే ఇంక మాట్లాడక్కర్లేదు. రేపటి లోపు అని తొందర పెట్టేవాడి దగ్గర కూరగాయలు కూడా కొనకూడదు.

హెల్త్ షేరింగ్ అంటారా, అది నిజంగానే ఇన్సూరెన్స్ కాదు, మీ బిల్లు కట్టి తీరాలన్న బాధ్యత చట్టం ప్రకారం వాళ్ల మీద ఉండదు. పాత జబ్బులకి కొన్నేళ్ల దాకా షేర్ చెయ్యమని రూల్సులోనే రాస్తారు. పైగా చాలావాటిలో క్రైస్తవ విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి, మన ఇళ్లల్లో చాలామందికి అది అక్కడే ఆగిపోతుంది. స్టెంట్ ఉన్న మనిషికి నేనైతే చెప్పను.

ఇప్పుడు మీరు భయపడుతున్న మోంటానా సంగతి. అది మీరు అనుకున్నంత ఘోరం కాదు. ఏసీఏ ప్లాన్ హెచ్ఎంఓ అయినా సరే నిజమైన ఎమర్జెన్సీకి దేశంలో ఏ ఈఆర్ (ఎమర్జెన్సీ రూమ్) అయినా కవర్ చెయ్యాలి, ముందు పర్మిషన్ అడగకూడదు. 2022 జనవరి 1 నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ఉంది కాబట్టి ఆ హాస్పిటల్ మీ నెట్‌వర్క్‌లో లేకపోయినా మీ వాటా ఇన్-నెట్‌వర్క్ లెక్కలోనే ఉండాలి, మిగతాది మీకు బిల్లు వెయ్యకూడదు. ఎమర్జెన్సీ అవునా కాదా అన్నది ఆఖర్లో తేలిన జబ్బుని బట్టి కాదు, మామూలు మనిషికి ఆ లక్షణాలు చూస్తే ప్రమాదం అనిపిస్తుందా అన్నదాన్ని బట్టి. మీకు గుండెలో నొప్పి వచ్చి వెళ్తే అది గ్యాస్ అని తేలినా అది ఎమర్జెన్సీ కిందకే వస్తుంది. కాబట్టి బిల్లుకి భయపడి ఇంట్లో, అదే బండిలో, కూర్చోకండి.

చిక్కంతా తర్వాతే. పరిస్థితి కుదుటపడి, మిమ్మల్ని మామూలు బండిలో వేరే హాస్పిటల్‌కి పంపొచ్చు అని డాక్టర్ అన్నాక, మీకు నోటీసు ఇచ్చి సంతకం తీసుకుంటే ఆ రక్షణ పోతుంది. ఆ టైమ్‌లో ముందుకొచ్చే ప్రతి కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దని మీ ఆవిడకి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఇంకోటి, హెలికాప్టర్ అంబులెన్స్ ఆ చట్టంలో ఉంది గానీ రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్ లేదు. కొన్ని స్టేట్లు సొంత చట్టాలు పెట్టుకున్నాయి, అన్నీ కాదు.

ఎమర్జెన్సీ కాని జబ్బుల దగ్గరే హెచ్ఎంఓ వాళ్లకి నిజంగా దెబ్బ. చెవి పోటు, యూరిన్ ఇన్‌ఫెక్షన్, షుగర్ టెస్టు, కార్డియాలజిస్ట్ ఫాలో-అప్. వీటికి బయట స్టేట్‌లో చెయ్యి జేబులోకి పోవాల్సిందే. చిన్నవాటికి అర్జంట్ కేర్‌లో సొంత డబ్బు కట్టుకుంటే ప్రాణం ఏమీ పోదు, కానీ క్యాన్సర్ లాంటిది ఏదైనా తేలితే తిరుగుడు ఆపి ఇంటి స్టేట్‌కి రావాలి. ఈపీఓలో కూడా అంతే, ఔట్-ఆఫ్-నెట్‌వర్క్‌కి సున్నా. అది దృష్టిలో పెట్టుకుని ప్లాన్ ఎంచుకోండి.


గోదారిగట్టు:

అక్కా మీరు చెప్పిన ఎస్‌బీసీ అడిగా, ఫోన్ పెట్టేశాడు. మళ్లీ రాలేదు.

ఇంకో డౌటు, మా హెచ్ఆర్ వాళ్లు కోబ్రా (ఉద్యోగం పోయాక కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో ఉంచుకోవడం) కాగితాలు వస్తాయన్నారు, దాని రేటు చూసి కళ్లు తిరిగాయి, ఇద్దరికీ నెలకి 1,900 చిల్లర. ఇప్పుడున్నది మాత్రం పెద్ద కంపెనీ పీపీఓ, దేశమంతా ఉంది. అంత పెట్టడం దండగా?


లెక్కల_మాస్టారు_ఎడిసన్:

దండగ అని నేననను. మీ కేసులో ఈ ఏడాదికి కోబ్రానే కరెక్టేమో. లెక్క చూడండి.

మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ వచ్చేది మీ ఏడాది మొత్తం ఆదాయం మీద. కోవిడ్ టైమ్‌లో 2021 నుంచి ఎక్కువ ఆదాయం వాళ్లకి కూడా పెంచి ఇచ్చిన సబ్సిడీలు 2025 ఆఖరుతో అయిపోయాయి, ఇప్పుడు మళ్లీ పాత పద్ధతే, పావర్టీ లెవెల్‌కి (గవర్నమెంటు పేదరికపు లెక్క) 400 శాతం దాటితే ఒక్క డాలర్ దాటినా మొత్తం సున్నా. 2026 ప్లాన్లకి ఇద్దరున్న ఇంటికి ఆ గీత 84,600 డాలర్లు, ఏటా కొంచెం మారుతుంది. మీకు ఆరు నెలల జీతం, పైన ప్యాకేజీ, వాడని సెలవుల డబ్బు, అన్నీ కలిపితే ఆ గీత ఎప్పుడో దాటేసుంటారు. అంటే ఈ ఏడాది మార్కెట్‌ప్లేస్‌లో పూర్తి రేటు కట్టాలి, ఆ రేటుకి టెక్సస్‌లో హెచ్ఎంఓ వస్తుంది, అంతే డబ్బుకి కోబ్రాలో దేశమంతా పనిచేసే పీపీఓ ఉంటుంది. పైగా జనవరి నుంచి మీరు కట్టిన డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలెట్టే ముందు మన జేబులోంచి కట్టేది) కోబ్రాలో అలాగే కొనసాగుతుంది, కొత్త ప్లాన్ అయితే మళ్లీ మొదటి నుంచి. మీకు స్టెంట్ ఉంది కాబట్టి డిడక్టిబుల్ ఈపాటికి సగమైనా అయిపోయి ఉంటుంది.

కోబ్రా అంటే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టడం, పైన 2 శాతం ఖర్చులకి, మొత్తం 102 శాతం. ఉద్యోగం పోతే 18 నెలల దాకా ఉంచుకోవచ్చు. ఒప్పుకోవడానికి 60 రోజులు టైమ్ ఇస్తారు, ఒప్పుకుంటే పాత ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచే లెక్క, అప్పటి నుంచి ప్రీమియం కూడా కట్టాలి. కుర్రాళ్లు ఆ 60 రోజులు కట్టకుండా ఆగి, ఏమైనా అయితే అప్పుడు తీసుకుంటారు. మీరు మాత్రం ఆ ఆట ఆడకండి, హాస్పిటల్‌లో చేరిన రోజు సిస్టమ్‌లో మీ కవరేజీ కనపడక అక్కడ జరిగే తంతు వేరే.

ఒక ముడి ఉంది జాగ్రత్త. కోబ్రా తీసుకున్నాక మధ్యలో మీ అంతట మీరు మానేస్తే దానికి మార్కెట్‌ప్లేస్‌లో స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్ (ఏడాది మధ్యలో చేరే అవకాశం) రాదు. 18 నెలలు పూర్తిగా అయిపోతే వస్తుంది. లేదంటే నవంబర్ 1న మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో మారాలి, డిసెంబర్ 15 లోపు తీసుకుంటే జనవరి 1 నుంచి మొదలు. వేరే స్టేట్‌కి నిజంగా మారితే కూడా 60 రోజుల కిటికీ తెరుచుకుంటుంది, కానీ మారే ముందు ఇన్సూరెన్స్ ఉన్నట్టు చూపించాలి, కోబ్రా ఉంటే ఆ ఇబ్బంది లేదు.

వచ్చే ఏడాది మీ చేతుల్లో పని. ఇల్లు అమ్మిన లాభం గురించి కంగారు పడకండి, అయిదేళ్లలో రెండేళ్లు అందులో ఉంటే భార్యాభర్తలకి 5 లక్షల డాలర్ల దాకా లాభం ట్యాక్స్‌లో పడదు, సబ్సిడీ లెక్కలోకీ రాదు. కానీ 401కె (కంపెనీ రిటైర్మెంట్ ఖాతా) నుంచి తీసే ప్రతి డాలరూ ఆదాయమే. 55 దాటాక ఉద్యోగం మానేశారు కాబట్టి ఆ కంపెనీ 401కె నుంచి 10 శాతం పెనాల్టీ లేకుండా తియ్యొచ్చు, అందుకని దాన్ని తొందరపడి ఐఆర్ఏలోకి (సొంత రిటైర్మెంట్ ఖాతా) మార్చకండి. బ్యాంకులో ఉన్న డబ్బు వాడుకుని, 401కె నుంచి కొంచెం తీసి, ఆదాయం గీత కింద ఉంచుకుంటే సబ్సిడీ బాగా వస్తుంది. మరీ కిందకి కూడా పోకూడదు, టెక్సస్, ఫ్లోరిడా రెండూ మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకి గవర్నమెంటు ఇన్సూరెన్స్) ఇంకా ఎక్కువమందికి ఇచ్చేలా పెంచలేదు, అక్కడ 100 శాతం కన్నా తక్కువ చూపిస్తే సబ్సిడీ లేదు మెడికెయిడ్ లేదు, గాల్లో ఉంటారు. సౌత్ డకోటా 2023 జూలైలో పెంచింది.

ఇంకోటి, ఆదాయం తక్కువ చెప్పి సబ్సిడీ తీసుకుని ఏడాది చివర్లో అసలు ఆదాయం ఎక్కువ తేలితే ఇదివరకు తిరిగి కట్టడానికి కొన్ని ఆదాయాల వాళ్లకి ఒక హద్దు ఉండేది, 2026 నుంచి ఆ హద్దు తీసేశారు, తీసుకున్నదంతా కక్కాలి. డిసెంబర్‌లో మ్యూచువల్ ఫండ్లు పంచే గెయిన్స్ దగ్గర చాలామంది దొరికిపోతారు.

ఒక మంచి వార్త కూడా ఉంది, 2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ (తక్కువ ప్రీమియం) ప్లాన్లన్నిటికీ హెచ్ఎస్ఏ (వైద్యం ఖర్చులకి దాచుకునే ఖాతా) పెట్టుకోవచ్చు. అందులో వేసిన డబ్బు ఆదాయం నుంచి తగ్గుతుంది కూడా, గీత దగ్గర ఉన్నవాళ్లకి పనికొస్తుంది.


హెచ్‌వన్_హరివిల్లు:

అన్నా ఇది చదువుతుంటే నాకూ ఆశ పుట్టింది, నాది ఫుల్లీ రిమోట్ జాబ్, హెచ్1బీ, పెళ్లి కాలేదు, వ్యాన్ కొనుక్కుని తిరుగుతూ పని చేసుకోవచ్చా? ఇన్సూరెన్స్ కంపెనీదే పీపీఓ ఉంది


లెక్కల_మాస్టారు_ఎడిసన్:

తమ్ముడూ నీకు ఇన్సూరెన్స్ కాదు సమస్య, ఎల్‌సీఏ, అంటే హెచ్1బీ కోసం నీ కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే కాగితం. రిమోట్ అయినా నీ పని చోటు ఏదో అందులో రాసి ఉంటుంది, ఆ మెట్రో ఏరియా దాటి వేరే చోట కూర్చుని పనిచేస్తే అమెండ్‌మెంట్ వెయ్యాలి, కొద్ది రోజుల మినహాయింపులు ఉన్నాయి గానీ అవి వ్యాన్ జీవితానికి సరిపోవు. సెలవు పెట్టి తిరుగు, లేదా గ్రీన్ కార్డు వచ్చే దాకా ఆగు. కంపెనీది వదిలేసి మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కుందాం అనుకున్నా, 2027 నుంచి హెచ్1బీ వాళ్లకి సబ్సిడీ తీసేశారు.


హెచ్‌వన్_హరివిల్లు:

గ్రీన్ కార్డా 😂😂 అప్పటికి మెడికేర్ వచ్చేస్తది అన్నా


పెద్దాయన_టాంపా:

మెడికేర్ మాట వచ్చింది కాబట్టి నేనూ నాలుగు ముక్కలు చెప్తాను. నేనూ మా ఇంటావిడా ఇద్దరం 65 దాటిన వాళ్లమే, చలికాలం ఇక్కడ, మిగతా కాలం బండిలో. గోదారిగట్టు గారూ మీకింకా ఎనిమిదేళ్లుంది గానీ ఇప్పుడే తెలుసుకుని ఉంచుకోండి, ఎందుకంటే అప్పుడు చేసుకున్న ఎంపిక తర్వాత మార్చుకోవడం కష్టం.

ఒరిజినల్ మెడికేర్ ఉంటే మెడికేర్ తీసుకునే ఏ డాక్టర్ దగ్గరికైనా దేశంలో ఎక్కడైనా వెళ్లొచ్చు, నెట్‌వర్క్ అన్న మాటే లేదు. డాక్టరు బిల్లుల్లో అది కట్టని 20 శాతం కోసం మెడిగ్యాప్ అనే ప్రైవేటు పాలసీ, ప్లాన్ జీ గాని ఎన్ గాని, మందులకి పార్ట్ డీ. ఊళ్లు తిరిగేవాళ్లకి ఇదే. టీవీలో జిమ్ము ఫ్రీ, పళ్లు ఫ్రీ, ప్రీమియం సున్నా అని ఊదరగొట్టేది మెడికేర్ అడ్వాంటేజ్, అందులో మళ్లీ నెట్‌వర్కులే, ప్లాన్ ఏరియా బయట ఆర్నెల్లు దాటి ఉంటే చాలా ప్లాన్లు పేరే తీసేస్తాయి. 65 దాటి పార్ట్ బీ (మెడికేర్‌లో డాక్టర్ ఖర్చుల భాగం) మొదలైన తొలి ఆరు నెలల్లో మెడిగ్యాప్ ఎవరికైనా ఇచ్చి తీరాలి, జబ్బులు అడగకూడదు. ఆ ఆరు నెలలు పోతే చాలా స్టేట్లలో మీ స్టెంట్ చూసి కాదనొచ్చు. మీరు ఆ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి, గోడ ఉంటే.

మీ అత్తగారి విషయం. ఆవిడ విజిటర్ కాబట్టి మార్కెట్‌ప్లేస్ ఉండదు, విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. విచిత్రం ఏమిటంటే మీ ఇంట్లో అందరికన్నా సులువుగా దేశమంతా పనిచేసే కార్డు దొరికేది ఆవిడకే, ఆ ప్లాన్లలో కాంప్రహెన్సివ్ రకం (బిల్లుని బట్టి ఇచ్చేవి) చాలావరకు పెద్ద పీపీఓ నెట్‌వర్కుల మీదే నడుస్తాయి. ఫిక్స్‌డ్ రకం జోలికి వెళ్లకండి, బిల్లింగ్ డెస్క్ అమ్మాయి చెప్పిన ఇండెమ్నిటీ లాంటిదే అది. 70 దాటితే గరిష్ఠ మొత్తం తగ్గించేస్తారు, ప్రీమియం పెరుగుతుంది. పాత జబ్బులకి "అక్యూట్ ఆన్‌సెట్" అని ఒక షరతు పెడతారు, అంటే ఉన్నట్టుండి ముదిరి ఇన్ని గంటల్లోపు వైద్యానికి వెళితేనే ఇస్తారు, మెల్లగా ముదిరితే ఇవ్వరు. ఆవిడ మాత్రలు ఉన్నన్నాళ్లకీ కాకినాడ నుంచే తెప్పించుకోండి, ప్రిస్క్రిప్షన్ ఇంగ్లీషులో టైపు చేయించి పెట్టెలో పెట్టించండి.

మందుల మాట వచ్చింది కాబట్టి మీ ఇద్దరివీ 90 రోజులవి రాయించుకోండి. ఒకే పెద్ద ఫార్మసీ చెయిన్‌లో పెట్టుకుంటే ఏ ఊళ్లో అయినా రీఫిల్ తీసుకోవచ్చు. వీడియో డాక్టర్ ఉన్నాడు కదా అని ధీమాగా ఉండకండి, మీరు కాల్ చేసే సమయానికి ఏ స్టేట్‌లో ఉన్నారో ఆ స్టేట్ లైసెన్స్ ఆయనకి ఉండాలి, లేకపోతే చూడనంటాడు. అందుకే మేము టెస్టులూ స్పెషలిస్టులూ అన్నీ చలికాలం టాంపాలో ఉన్నప్పుడే పూర్తి చేసుకుంటాం. పళ్లకి ఇన్సూరెన్స్ వృథా, చలికాలం అరిజోనా క్వార్ట్‌సైట్‌లో దిగే ఆర్వీ జనం యూమా పక్కన మెక్సికో బోర్డరు దాటి లాస్ అల్గొడోనెస్‌లో పళ్లు కట్టించుకుని వస్తారు, ఆ ఊరంతా డెంటిస్టులే. పాస్‌పోర్టు మర్చిపోవద్దు.


బిల్లింగ్_డెస్క్_అక్క:

పెద్దాయన గారు చెప్పినట్టు "తిరుగుడంతా తిరిగి చెకప్‌లు ఒకే చోట" పద్ధతి పెట్టుకుంటే ఫ్లోరిడా ప్లాన్‌లో మీకు బ్లూకార్డ్ దొరక్కపోయినా బండి నడుస్తుంది, అంటే నెట్‌వర్క్ చిన్నదైనా ఫర్వాలేదు. కానీ స్టెంట్ ఉంది కాబట్టి ఒకటి చెప్తా, టెక్సస్‌లో బిగ్ బెండ్ నేషనల్ పార్క్ లాంటి చోట్లకి వెళ్లేటప్పుడు దగ్గరి హాస్పిటల్ ఎక్కడో ముందు చూసుకోండి, అక్కడి నుంచి హాస్పిటల్ ఉన్న ఆల్పైన్ ఊరు దాదాపు వంద మైళ్లు. కొన్ని ఆర్వీ క్లబ్బుల మెంబర్‌షిప్‌తో పాటు మెడికల్ ఇవాక్యుయేషన్ (పేషెంటుని వేరే హాస్పిటల్‌కి చేర్చడం) సాయం వస్తుంది, మనిషి హాస్పిటల్‌లో పడితే బండిని ఇంటికి చేర్చే ఏర్పాటు కూడా ఉందేమో కాగితాల్లో చూసుకోండి. ట్రక్కు నడపడం మీ ఆవిడకి వచ్చా?


గోదారిగట్టు:

రాదక్కా, నేర్పిస్తున్నా, వాల్‌మార్ట్ పార్కింగ్‌లో 😅 ఫిఫ్త్ వీల్ తగిలించి రివర్స్ చెయ్యడం ఇద్దరికీ రావట్లేదు అది వేరే సంగతి.

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మేం అనుకున్నది ఇది, జూలై నుంచి డిసెంబర్ దాకా కోబ్రా, ఆ టైమ్‌లో ఎక్కడైనా ఇప్పుడున్న పీపీఓనే ఉంటుంది. ఇల్లు అమ్మకం అయ్యాక అక్టోబర్‌లో ఫ్లోరిడా వెళ్లి లైసెన్స్, బండ్ల రిజిస్ట్రేషన్, ఆ డిక్లరేషన్ అన్నీ మార్చేసుకుంటాం, నవంబర్‌లో అక్కడి జిప్ కోడ్‌తో ప్లాన్లు చూసి జనవరికి తీసుకుంటాం. నచ్చేది లేకపోతే కోబ్రా ఇంకో ఏడాది లాగుతాం. మాస్టారూ వచ్చే ఏడాది 401కె నుంచి ఎంత తియ్యాలో ఆ లెక్క నాకు అర్థం కావట్లేదు, వేరే పోస్టు పెడతా, కాస్త చూడండి. అత్తగారికి కాంప్రహెన్సివ్ కొటేషన్ అడిగాను.

@పాలమూరు_పయనం గారూ ఒక్కటి, గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్ అడ్రస్ అంటే క్లే కౌంటీ కదా, అక్కడ బ్లూఆప్షన్స్ ఉంటుందో లేదో నవంబర్ ముందే తెలుసుకోవచ్చా?


పాలమూరు_పయనం:

క్లే కౌంటీనే అన్నా. ఇప్పుడు హెల్త్‌కేర్ డాట్ గవ్‌ల అకౌంట్ లేకుండనే ప్లాన్లు చూసే పేజీ ఉంటది, జిప్ కోడ్, వయసులు, ఆదాయం కొడితే ఈ సాలు ప్లాన్లు చూపిస్తది. వచ్చే సాలువి అక్టోబర్ ఆఖర్ల పెడ్తరు, నవంబర్ 1కి రెండు మూడు రోజుల ముందు చూడు. చూసేటప్పుడు పేరు చూసి మోసపోకు, ప్రతి ప్లాన్ కింద ఎస్‌బీసీ లింక్ ఉంటది, అది తెరిచి ఔట్-ఆఫ్-నెట్‌వర్క్ అన్న కాలమ్‌ల "నాట్ కవర్డ్" అని ఎన్ని వరుసల్ల ఉందో చూడు. తర్వాత కంపెనీకే ఫోన్ చేసి, ప్లాన్ నంబర్ చదివి, "మోంటానాల ఎమర్జెన్సీ కాని డాక్టర్ విజిట్‌కు బ్లూకార్డ్ పనిచేస్తదా" అని సూటిగ అడుగు, చెప్పినామె పేరు, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసి పెట్టుకో. ఏజెంట్‌ను అడిగితే అన్నిటికి అవుననే అంటడు.

లైసెన్స్‌కు అపాయింట్‌మెంట్ ముందే బుక్ చెయ్, అక్టోబర్‌ల చలికాలానికి వచ్చే స్నోబర్డ్‌లు దిగుతరు, ఆఫీసుల జాగ ఉండది. టెక్సస్ లైసెన్స్, పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ కార్డు, అడ్రస్‌కు రెండు రుజువులు, అన్ని ఒరిజినల్స్ తీస్కపో.